అతకని ఎముకకు ఏ దారి: కరెంటు మిషనా, అల్ట్రాసౌండా, మళ్లీ ఆపరేషనా?

కాలు విరిగింది, రాడ్డు వేశారు, ఆరు నెలలు గడిచాయి. ఏడో నెల ఎక్స్‌రేలో కూడా విరిగిన చోట నల్లగీత అలాగే ఉంది. ఇక అక్కణ్ణుంచి ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ ఒక దారి చూపిస్తాడు. ఒకరు మాగ్నెట్ మిషను అద్దెకు తెచ్చుకోమంటారు. ఒకరు నాటు కట్టు కట్టే ఆయన దగ్గరికి పదమంటారు. ఇంకొకరు విశాఖపట్నం వెళ్లి మళ్లీ ఆపరేషన్ చేయించేసుకోమంటారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఫిజియోథెరపీ చేసే నేను ఎక్కువగా వినే ప్రశ్న ఒకటే: "కరెంటు పెడితే ఎముక అతుక్కుంటాదేటి బాబూ?"

కొందరికి అతుక్కుంటుంది. ఎవరికన్నది మిషను పేరును బట్టి తేలదు. ఎముక అతకడం ఎందుకు ఆగిపోయిందో దాన్ని బట్టే తేలుతుంది. అందుకే మిషన్ల సంగతి కాసేపు పక్కన పెట్టి, ముందు మీ ఎక్స్‌రే దగ్గరికి, మీ ఒంటి దగ్గరికి వెళ్దాం.

ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, ఎముక ముక్కల మధ్య ఖాళీ. ఖాళీ ఒక సెంటీమీటరు దాటినా, ఎముక మందంలో సగం కంటే ఎక్కువ ఉన్నా ఏ కరెంటూ దాన్ని పూడ్చలేదు. విద్యుదయస్కాంత క్షేత్రం కణాలకు ఉత్సాహం ఇస్తుంది కానీ లేని ఎముకను తెచ్చి పెట్టదు. మీ డాక్టరుగారిని సూటిగా అడగండి: "గ్యాపు ఎంతుందండీ?"

రెండోది, కదలిక. విరిగిన చోటు రెండు చేతులతో పట్టుకుని వంచితే ఆడుతోందా? రాడ్డు స్క్రూలు విరిగాయా, ప్లేటు వదులైందా? ముక్కలు ఆడుతుంటే వాటి మధ్య మెత్తటి కణజాలమే పేరుకుంటుంది, ఒక్కోసారి దొంగ కీలు తయారై లోపల నీరు కూడా పడుతుంది. ఆ దశకు వచ్చిన వాళ్లకు మిషను అద్దెకు ఇవ్వడం వాళ్ల డబ్బులూ నెలలూ తినేయడమే.

మూడోది, అతకని తీరు. ఇది ఎక్స్‌రే చేతిలో పట్టుకుని కిటికీ వైపు ఎత్తి చూస్తే మామూలు కంటికీ తెలుస్తుంది. ఒక రకంలో ఎముక చివరలు రెండూ ఉబ్బి వెడల్పుగా ఉంటాయి, చుట్టూ తెల్లటి కొత్త ఎముక మబ్బులా కనిపిస్తుంది, మధ్యలో మాత్రం గీత మిగిలిపోతుంది. డాక్టర్లు దీన్ని ఏనుగు పాదం అంటారు. రక్తం బాగానే అందుతోంది, కణాలు పనిలోనే ఉన్నాయి, స్థిరత్వం లేక కలవలేకపోతున్నాయి. ఇంకో రకంలో చివరలు సన్నగా, పెన్సిలు చెక్కినట్టు మొనదేలి ఉంటాయి, చుట్టూ ఏమీ ఉండదు. అక్కడ కణాల పనే ఆగిపోయింది. మొదటి రకానికి బలమైన పట్టు కావాలి. రెండో రకానికి కొత్త ఎముక గుజ్జు, రక్తప్రసరణ కావాలి.

నాలుగోది, చీము. బైకు మీద పడి ఎముక బయటికి వచ్చిన కేసైతే, గాయం నుంచి ఎప్పుడైనా రసి కారి ఉంటే, ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ జాడ చూపే ఈఎస్ఆర్, సీఆర్పీ రక్తపరీక్షలు చేయించకుండా ఏ మిషనూ మొదలుపెట్టకండి. ఇన్ఫెక్షన్ ఉన్న ఎముకకు ముందు శుభ్రం చేసే ఆపరేషన్, యాంటీబయాటిక్స్.

ఐదోది మీ ఒళ్లు. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే మన జిల్లాల్లో సగం సంగతి ఇక్కడే తేలిపోతుంది.

పొగాకు ఎముక అతుకును ఆలస్యం చేస్తుంది. నికోటిన్ సన్నటి రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, అతుకు జరిగే చోటికి రక్తం తగ్గుతుంది. మగవాళ్లను "సిగరెట్, బీడీ అలవాటుందా" అని డాక్టరు అడుగుతారు. తుంటి విరిగిన అరవై ఏళ్ల అమ్మమ్మను మాత్రం ఎవరూ అడగరు. మన తీరం వెంబడి ఊళ్లలో ఆడవాళ్లు మండే కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు ఇంకా ఉంది. ఆమె చెప్పదు, మనం అడగం, ఎముక అతకదు. ఇంట్లో వాళ్లయినా ఈ మాట డాక్టరుకు చెప్పాలి.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వాళ్లకు ఇంకొకటి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చే మనిషికి ఎముక అతకలేదంటే, మిషను కంటే ముందు చేయించాల్సింది కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్. విటమిన్ డిని శరీరం వాడుకునే రూపంలోకి మార్చేది మూత్రపిండాలే. అవి దెబ్బతింటే కాల్షియం, ఫాస్ఫరస్, పారాథైరాయిడ్ హార్మోను లెక్కలన్నీ తప్పుతాయి, ఎముక నాణ్యతే పడిపోతుంది. దానికి తోడు కాలు నొప్పికని ఊళ్లో డైక్లోఫెనాక్ సూదులు వేయించుకుంటూ పోతే కిడ్నీకి దెబ్బ, ఎముక అతుకుకూ మంచిది కాదు. కొబ్బరిచెట్టు మీంచి పడి కాలు విరిగిన మనిషికి కరెంటు పెట్టేముందు పలాస కిడ్నీ ఆసుపత్రిలోనో, దగ్గర్లో మరెక్కడైనానో రక్తపరీక్ష చేయించండి. షుగరు, విటమిన్ డి, థైరాయిడ్ కూడా అదే చీటీలో రాయించుకోండి.

ఆరోది కాలం. అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ సంస్థ లెక్కలో అతకని ఎముక అనాలంటే దెబ్బ తగిలి కనీసం తొమ్మిది నెలలు దాటాలి, అందులో చివరి మూడు నెలలు ఎక్స్‌రేలో ఏ ముందడుగూ కనిపించకూడదు. మోకాలి కింద ముందువైపు ఎముక, టిబియా, కింది మూడో వంతులో విరిగితే మామూలుగానే ఆలస్యం అవుతుంది. అక్కడ ఎముక మీద కండ లేదు, చర్మమే ఉంటుంది, రక్తం తక్కువ. నాలుగో నెలకే గాబరాపడి మిషను తెచ్చుకుని, ఆరో నెలకు అతికితే, ఆ పుణ్యం మిషనుదో కాలానిదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఎముక కణాలకు కరెంటుతో ఏం పని

జపాన్‌లో ఇవావో యసుదా అనే ఎముకల వైద్యుడు 1950ల్లో గమనించిన విషయంతో ఇది మొదలైంది. ఎముకను వంచితే నొక్కుడు పడిన వైపు ఋణ విద్యుత్తు పుడుతోంది, కొత్త ఎముక కూడా ఆ వైపే పెరుగుతోంది. 1957లో ఫుకాదా, యసుదా కలిసి ఎముకకు పీజోఎలక్ట్రిక్ గుణం ఉందని, అంటే ఒత్తిడి పడితే విద్యుత్తు పుడుతుందని చూపించారు. తడి ఎముకలో సన్నటి కాలువల గుండా ద్రవం కదిలినప్పుడు కూడా విద్యుత్తు పుడుతుందని తర్వాత తెలిసింది. మనం నడిచిన ప్రతి అడుగుకూ ఎముక లోపల కణాలకు ఒక చిన్న సంకేతం వెళ్తుందన్నమాట. మంచాన పడ్డ మనిషికి ఎముక పలచబడే కారణాల్లో ఇదీ ఒకటి.

ఈ సంకేతాన్ని బయటి నుంచి, చర్మం కోయకుండా ఇవ్వగలమా అన్నది కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆండ్రూ బాసెట్ బృందం ప్రశ్న. తీగచుట్ట గుండా కరెంటును తునకలు తునకలుగా పంపితే చుట్టూ మారే అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది, అది ఎముకలో సన్నటి విద్యుత్ క్షేత్రాన్ని పుట్టిస్తుంది. 1974లో కుక్కల కాలి ఎముకల మీద ఫలితం ప్రచురించారు. 1979లో అతకని ఎముకలకు ఈ పద్ధతిని అమెరికాలో ఎఫ్‌డీఏ అనుమతించింది. దీన్నే పల్స్‌డ్ ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫీల్డ్, పొట్టిగా పీఈఎంఎఫ్ అంటారు. ఎక్కువ మిషన్లలో పౌనఃపున్యం 1 నుంచి 75 హెర్ట్జ్ మధ్య, క్షేత్ర బలం 0.1 నుంచి 2 మిల్లీటెస్లా మధ్య ఉంటాయి.

కణంలో ఏం జరుగుతుంది? ఎముకను కట్టే కణాలను ఆస్టియోబ్లాస్టులు అంటారు, కరిగించే వాటిని ఆస్టియోక్లాస్టులు అంటారు. క్షేత్రం తగిలిన ఆస్టియోబ్లాస్టుల్లో కాల్షియం పెరుగుతుంది. అది కాల్‌మోడ్యులిన్ అనే ప్రొటీన్‌ను మేలుకొలుపుతుంది, అక్కణ్ణుంచి కణవిభజన వేగం అందుకుంటుంది. పెన్సిల్వేనియాలో కార్ల్ బ్రైటన్ బృందం 2001లో ఒక ఆసక్తికరమైన తేడా చూపించింది. అంటించే ప్యాడ్లతో విద్యుత్ క్షేత్రం ఇచ్చినప్పుడు కాల్షియం బయటి నుంచి కణంలోకి ద్వారాల గుండా వస్తుంది. అయస్కాంత చుట్టతో ఇచ్చినప్పుడు కణం లోపల దాచుకున్న కాల్షియమే విడుదలవుతుంది. దారులు వేరు, చేరే చోటు ఒకటే. వీటితోపాటు బీఎంపీ-2, టీజీఎఫ్-బీటా లాంటి పెరుగుదల కారకాలు ఎక్కువ తయారవడం, వాపును అదుపు చేసే అడినోసిన్ గ్రాహకాలు పెరగడం కూడా చాలా ప్రయోగశాలల్లో కనిపించింది.

ఇక్కడే జాగ్రత్త కావాలి. ప్రయోగశాల గాజు పళ్లెంలో పెంచిన కణాలకు తిండి నిండుగా ఉంటుంది, చుట్టపొగ ఉండదు, షుగరు ఉండదు, రెండు ముక్కల మధ్య సెంటీమీటరు ఖాళీ ఉండదు. పైగా ఫలితం హెర్ట్జ్‌ను బట్టి, బలాన్ని బట్టి, రోజుకు ఎన్ని గంటలన్నదాన్ని బట్టి, చివరికి కణం ఏ వయసులో ఉందన్నదాన్ని బట్టి మారిపోతుంది. ఒక సెట్టింగులో కణాలు పెరుగుతాయి, ఇంకో సెట్టింగులో పెరగడం ఆగి ముదురుతాయి, వేరొక సెట్టింగులో ఏమీ జరగదు. "కణాలు రెట్టింపయ్యాయని రుజువైంది" అని కరపత్రంలో రాస్తే, ఏ హెర్ట్జ్ దగ్గర, ఏ కణాల్లో అని అడగండి. అమ్మే మనిషి దగ్గర ఆ జవాబు లేకపోతే ఆ కరపత్రాన్ని నమ్మి డబ్బు పెట్టకండి.

ఎక్కువగా వినిపించే దారులు ఒక్కచోట

| దారి | ఎలా పనిచేస్తుంది | రోజుకు ఎంతసేపు | ఎవరికి నప్పుతుంది | ఎవరికి వద్దు |
|---|---|---|---|---|
| లోపాలు సరిచేసి వేచి చూడటం | పొగ మానడం, షుగరు అదుపు, విటమిన్ డి, సరైన బరువు మోపడం | రోజంతా అలవాట్లే | తొమ్మిది నెలలు దాటనివాళ్లు, ఎక్స్‌రేలో కొంచెమైనా ముందడుగు ఉన్నవాళ్లు | రాడ్డు విరిగినవాళ్లు, చీము ఉన్నవాళ్లు |
| పీఈఎంఎఫ్ తీగచుట్ట | మారే అయస్కాంత క్షేత్రం | మిషనును బట్టి 3 నుంచి 10 గంటలు | ఖాళీ తక్కువ, పట్టు గట్టిగా ఉన్నవాళ్లు | పెద్ద ఖాళీ, దొంగ కీలు, పేస్‌మేకర్, గర్భిణి |
| కెపాసిటివ్ ప్యాడ్లు | చర్మం మీద రెండు వైపులా ప్యాడ్లు, 60 కిలోహెర్ట్జ్ | దాదాపు రోజంతా | ఇంటిపట్టున ఉండేవాళ్లు | పై షరతులే, పుండ్లు పడే చర్మం |
| లైపస్ అల్ట్రాసౌండ్ | తక్కువ బలంతో తునకలు తునకలుగా పంపే 1.5 మెగాహెర్ట్జ్ శబ్ద తరంగం | 20 నిమిషాలు | ఆపరేషన్‌కు ఒళ్లు తట్టుకోనివాళ్లు | తాజా విరుపుకు రాడ్డు వేసినవాళ్లు |
| మళ్లీ ఆపరేషన్ | కొత్త రాడ్డు లేదా ప్లేటు, తుంటి ఎముక గుజ్జు, లేదా ఇలిజరోవ్ రింగులు | ఒకసారి, తర్వాత వ్యాయామం | పెద్ద ఖాళీ, కదలిక, చీము, వంకర | మత్తు ఇవ్వలేని స్థితి |

పీఈఎంఎఫ్: ఆశ పెట్టుకోదగ్గది, హద్దులున్నది

మనుషుల మీద చేసిన పరీక్షలు ఒకేలా లేవు, అందుకే రెండు వైపులా చెబుతాను. 1984లో ఇంగ్లండులో అతకని టిబియా ఉన్న 16 మందిలో కొందరికి నిజమైన మిషను, కొందరికి కరెంటు రాని ఉత్త మిషను ఇచ్చారు. ఎవరిది ఏదో వాళ్లకు తెలియదు. ఉత్త మిషను వాడిన వాళ్లలోనూ సగానికి పైగా ఎముక అతికింది. ఆ పరీక్షలో అందరి కాళ్లూ కట్టులో కదలకుండా, బరువు మోపకుండా ఉంచారు. విశ్రాంతి, గట్టి కట్టు కూడా మందేనని అది చెప్పింది. 1990లో అదే దేశంలో ఆలస్యంగా అతుకుతున్న 45 టిబియాల మీద 12 వారాలు చేసిన పరీక్షలో నిజమైన మిషను వాడిన వాళ్లే స్పష్టంగా ముందున్నారు.

ఆస్ట్రేలియాలో 259 మందికి, టిబియా విరిగిన కొత్తలోనే పీఈఎంఎఫ్ పెట్టి చూశారు. 2011లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం మళ్లీ ఆపరేషన్ అవసరం ఏమీ తగ్గలేదు. అదే ఏడాది, వైద్య పరీక్షల ఫలితాలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ అతకని ఎముకల మీద జరిగిన నాలుగు పరీక్షలు, 125 మంది లెక్కలు కలిపి చూసి, మొగ్గు మిషను వైపే ఉన్నా కచ్చితంగా చెప్పడానికి ఆధారం చాలదంది. 2016లో రకరకాల విద్యుత్ పద్ధతుల మీద ఉత్త మిషనుతో పోల్చిన 15 పరీక్షలను కలిపితే, ఎక్స్‌రేలో అతకకుండా మిగిలిపోయే ముప్పు సుమారు 35 శాతం తగ్గింది, నొప్పి కూడా కొంత తగ్గింది. నడక, పనిచేసుకునే శక్తి విషయంలో మాత్రం తేడా కనిపించలేదు.

వీటన్నిటి నుంచి నేను తీసుకున్న నిర్ణయం ఇది. కొత్తగా విరిగిన ఎముకకు ఇది వద్దు. ఆలస్యమైన, పట్టు గట్టిగా ఉన్న, ఖాళీ లేని ఎముకకు ప్రయత్నించవచ్చు. గంటలు మాత్రం ఎగ్గొట్టకూడదు. అమెరికాలో 1991లో వచ్చిన ఒక దీర్ఘకాల పరిశీలనలో రోజుకు సగటున మూడు గంటల కంటే తక్కువ వాడిన వాళ్లలో సుమారు 36 శాతం మందికే అతికింది. మూడు గంటలు దాటిన వాళ్లలో 80 శాతం మందికి అతికింది. ఓపికగా గంటలు పూర్తిచేసే మనిషి మిగతా జాగ్రత్తలు కూడా బాగా పాటిస్తాడు కాబట్టి ఆ తేడా మొత్తం మిషనుదే అనలేం. అయినా రోజుకు అరగంట క్లినిక్కుకు వచ్చి ఇలాంటి పెద్ద తీగచుట్ట పెట్టించుకుని వెళ్తే సరిపోతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రోజుకు 30 నిమిషాలకే తయారుచేసిన వేరే రకం మిషన్లు ఉన్నాయి, వాటి సంకేతం వేరు. మూడు గంటల మిషనును అరగంట పెట్టడం అంటే మాత్ర విరిచి పావు మింగడమే.

లోపల టైటానియం రాడ్డు, స్టీలు ప్లేటు ఉన్నా పీఈఎంఎఫ్ పెట్టవచ్చు, అది లోహాన్ని వేడెక్కించదు. ఎదుగుతున్న పిల్లలకు, విరిగిన చోట గడ్డ ఉందని అనుమానం ఉన్నవాళ్లకు డాక్టరు చెప్పకుండా వద్దు.

మన వైపు ఇంకో చిక్కు కరెంటు కోత. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఛార్జింగుతో నడిచే మిషను, గంటలు లెక్కపెట్టే మీటరు ఉన్న మిషనే తీసుకోండి. ఆ మీటరు చూస్తే మీరు నిజంగా ఎంతసేపు పెట్టుకున్నారో డాక్టరుకూ తెలుస్తుంది.

కెపాసిటివ్ ప్యాడ్లు, లోపల పెట్టే బ్యాటరీ

ప్యాడ్ల పద్ధతిలో మిషను చిన్నది, జేబులో పట్టేంత. కానీ రోజంతా చర్మానికి అంటుకుని ఉండాలి. మే నెలలో మన ఉక్కపోతకు చెమటపట్టి ప్యాడు ఊడుతుంది, చర్మం ఎర్రబడుతుంది. పొలం పనికో, చేపల రేవుకో వెళ్లే మనిషికి ఇది కష్టం. సుమారు 20 మైక్రోఆంపియర్ల నేరు కరెంటు ఇచ్చే బ్యాటరీని ఆపరేషన్‌తో లోపల పెట్టే పద్ధతి ఎక్కువగా వెన్నుపూసలను అతికించే ఆపరేషన్లలో వాడేది. కాలి ఎముకకు ఎలాగూ కోయాల్సి వస్తే దానికంటే ఎముక గుజ్జు పెట్టించుకోవడమే మేలని నా అభిప్రాయం.

లైపస్ అల్ట్రాసౌండ్

ఇరవై నిమిషాలతో అయిపోతుందని చాలామందికి ఇది నచ్చుతుంది. 1994లో తాజా విరుపులకు, 2000లో అతకని ఎముకలకు దీన్ని అమెరికాలో అనుమతించారు. తర్వాత 2016లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన పెద్ద పరీక్షలో, రాడ్డు వేసిన తాజా టిబియా విరుపులు ఉన్న 501 మందిలో ఉత్త మిషనుకూ దీనికీ తేడా ఏమీ కనిపించలేదు. 2017లో అదే పత్రికలో నిపుణుల బృందం తాజా విరుపులకు లైపస్ వద్దని గట్టిగా సిఫారసు చేసింది. అతకని పాత ఎముకల విషయంలో ఆధారం ఎక్కువగా పోల్చి చూడని కేసుల నుంచి వచ్చిందే. మత్తు తట్టుకోలేని పెద్దవాళ్లకు తప్ప నేను దీన్ని ముందు పెట్టను.

మళ్లీ ఆపరేషన్

ఆపరేషన్ పేరెత్తితేనే భయం, అది నాకు అర్థమవుతుంది. ఒకసారి అనుభవించిన మనిషికి రెండోసారి థియేటర్ బల్ల ఎక్కడం మొదటిదానికంటే కష్టం. కానీ ఖాళీ, కదలిక, చీము, వంకర, ఈ నాలుగింటిలో ఏ ఒక్కటున్నా సరిచేసేది ఆపరేషనే. రాడ్డు తీసి లావుపాటిది వేస్తారు, లేదా ప్లేటు మారుస్తారు. తుంటి ఎముక అంచు నుంచి గుజ్జు తీసి ఖాళీలో నింపుతారు. గుజ్జు తీసిన చోట కొన్నాళ్లు నొప్పి ఉంటుంది, ఆ మాట ముందే తెలుసుకుని వెళ్లాలి. పెద్ద ఖాళీలకు, చీము పట్టిన ఎముకలకు సోవియట్ కుర్గాన్‌లో గవ్రీల్ ఇలిజరోవ్ రూపొందించిన రింగుల పద్ధతి ఉంది. ఎముకను రోజుకు మిల్లీమీటరు చొప్పున జరుపుతూ ఖాళీని కొత్త ఎముకతో నింపుతారు. నెలల తరబడి రింగులు మోయాలి, సూదుల చుట్టూ రోజూ శుభ్రం చేసుకోవాలి. చేసేవాళ్లు ఇంట్లో ఉంటేనే అది సాగుతుంది.

ప్రభుత్వ పథకం కార్డు ఉన్నవాళ్లు శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రిలోగానీ విశాఖ కేజీహెచ్‌లోగానీ అడ్మిట్ అయ్యేముందే, ఆసుపత్రిలో పథకం పనులు చూసే వైద్యమిత్ర దగ్గర రెండు ప్రశ్నలు వేయండి. ఈ రెండో ఆపరేషన్ కార్డు కింద వస్తుందా, కొత్త రాడ్డు ఖర్చు అందులోనే ఉందా? మిషను అద్దె కూడా అప్పుడే అడిగేయండి, ఇంటికొచ్చాక అడిగితే ఆలస్యం.

పేరు ఒకటే, పని వేరు

ఫిజియోథెరపీ క్లినిక్కులో ఒకే గదిలో చాలా మిషన్లు ఉంటాయి, అన్నిటినీ జనం కరెంటు పెట్టడమే అంటారు. టెన్స్, ఐఎఫ్‌టీ నొప్పి తగ్గించడానికి, ఎముక అతికించడానికి కావు. షార్ట్‌వేవ్ డయాథర్మీ 27 మెగాహెర్ట్జ్ దగ్గర వేడి పుట్టిస్తుంది. లోపల రాడ్డు ఉన్న చోట దాన్ని పెట్టనే కూడదు, లోహం చుట్టూ కాలిపోతుంది. బిల్లు మీద ఏ మిషనో రాయించుకోండి.

అయస్కాంతాలు కుట్టిన పరుపులు, మోకాలి పట్టీలు ఎముక అతికిస్తాయని ఇల్లిల్లూ తిరిగి అమ్ముతున్నారు. కదలకుండా పడి ఉన్న అయస్కాంతం కదలకుండా ఉన్న ఎముకలో విద్యుత్తును పుట్టించదు. మారే క్షేత్రమే పుట్టిస్తుందని ఫారడే 1831లోనే చూపించాడు. అంతంత డబ్బు పోసి ఆ పరుపు కొనే బదులు, ఆ డబ్బుతో గుడ్లు, పాలు, రక్తపరీక్షలు అయిపోతాయి. అలాగే పొలం మీదుగా హైటెన్షన్ లైను పోతోందని, దాని కింద కూర్చుంటే ఎముక పెరుగుతుందేమోనని అడిగినవాళ్లున్నారు. అక్కడ తగిలే క్షేత్రం మైక్రోటెస్లాల్లో ఉంటుంది. మిల్లీటెస్లా అంటే వెయ్యి మైక్రోటెస్లాలు. పైగా పీఈఎంఎఫ్‌లో ఎముక మీద పనిచేసేది పల్సు ఆకారం, మామూలు 50 హెర్ట్జ్ అల కాదు.

నాటు కట్టు గురించి ఒక్క మాట. చిన్న బెణుకులకు, ముక్కలు పక్కకు జరగని చిన్న విరుపులకు ఆ కట్టు పనికిరావొచ్చు. నెలలు దాటి అతకని ఎముకను పట్టి లాగితే, రాడ్డు ఉన్న కాలిని గట్టిగా బిగిస్తే, రక్తం ఆగి కాలికే ముప్పు.

మీరు ఎవరైతే ఏది

హైదరాబాదులోనో చెన్నైలోనో కట్టడం పనిలో కాలు విరిగి, అక్కడే రాడ్డు వేయించుకుని ఊరొచ్చేసిన వలస కూలీ అయితే, మిషను మాట తర్వాత. డిశ్చార్జి చీటీ, మొదటి ఎక్స్‌రే, లోపల వేసింది ఏ లోహమో రాసిన స్టిక్కరు ముందు తెప్పించుకోండి. పోల్చడానికి పాత ఎక్స్‌రే లేకపోతే ఎముక ముందుకెళ్తోందో ఆగిందో ఎవరూ చెప్పలేరు. ఫోనులో ఫోటో తీసి పంపమన్నా చాలు.

విజయనగరంలోనో బొబ్బిలిలోనో కూర్చుని చేసే ఉద్యోగం, గట్టి రాడ్డు, ఖాళీ లేదు, ఎనిమిది తొమ్మిది నెలలైంది అంటే పీఈఎంఎఫ్‌కు మీరే తగిన మనిషి. రాత్రి టీవీ చూస్తూ, నిద్రలో, గంటలు పూర్తవుతాయి.

ఇచ్ఛాపురం వైపు ఒంటరిగా ఉండే పెద్దావిడ, ఎముకలు గుల్లబారినవి, మిషను తనంతట తాను పెట్టుకోలేదు. అలాంటివారికి ఎముకలు గట్టిపరిచే మందు, విటమిన్ డి, పొగ మాన్పించడం, నెలకోసారి పరీక్ష ముందు. మిషను కొని ఇచ్చి మూల పెట్టే కంటే కూతురో కోడలో వారం ఉండి నడక నేర్పించడం మేలు.

ఇంటిల్లిపాదికీ మీరే ఆధారం, వరి నాట్లకు లేవాలి, ముక్కలు ఆడుతున్నాయి అంటే, మిషనుతో ఆరు నెలలు చూసి ఆ తర్వాత ఆపరేషన్‌కు వెళ్లడం కంటే ఇప్పుడే చేయించుకోవడం లాభం. పోయిన పంట కాలాన్ని ఎవరూ తిరిగివ్వరు.

అద్దెకు తీసుకునేముందు, తీసుకున్నాక

అమ్మే మనిషిని హెర్ట్జ్ ఎంత, బలం ఎంత, రోజుకు ఎన్ని గంటలు అని కాగితం మీద రాసివ్వమనండి. మొదలుపెట్టే రోజున రెండు కోణాల్లో ఎక్స్‌రే తీయించి తేదీ వేసి దాచండి. మిషను తీగచుట్ట, ఎముక విరిగిన చోటుకు సరిగ్గా ఎదురుగా ఉండేలా కట్టుమీద పెన్నుతో గుర్తు పెట్టించుకోండి, అంగుళం పక్కకు జరిగినా బలం తగ్గిపోతుంది. నెలవారీ అద్దెకే తీసుకోండి, ఆరు నెలలకు ఒకేసారి కట్టకండి. మూడో నెల చివర అదే రెండు కోణాల్లో మళ్లీ ఎక్స్‌రే తీయించి, మొదటిదాని పక్కన పెట్టి డాక్టరుతో చూడండి. గీత మీదుగా తెల్లటి వంతెన ఒక వైపైనా మొదలైతే కొనసాగించండి. ఏమీ లేకపోతే మిషను తిరిగిచ్చేసి ఆపరేషన్ తేదీ అడగండి.